గురవక్క పథ్యం

మా పాళెంలో కరవాడు కొనడానికి వచ్చేవాళ్ళు కాటా కాడికి పోకముందే అడిగే మాట ఒకటుండేది. గురవమ్మ కొరికిందా అని. కొరికి సరే అనిందంటే మూట కట్టుకునేవాళ్ళు, లేదంటే రేపొస్తామని పోయేవాళ్ళు. ఆ గురవమ్మ నాకు తోడికోడలు, మా ఆయన అన్న పెళ్ళాం. అక్కా అక్కా అంటూ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె వెనకాలే తిరగతా ఉండాను. నా పేరు గంగాభవాని. నాది పెద్ద నోరని పాళెమంతా చెప్తారు, అబద్ధమేం కాదు. ఆ నోటితో నేను చేసిన పాపం కూడా ఈ కతలో ఉండాది, దాచను.

కరవాడంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప. పైకి బాగా ఎండినట్టే కనపడతాది. లోపల వెన్ను కాడ పచ్చి మిగిలిందంటే నాలుగు రోజుల్లో పురుగు పట్టి మూటంతా పోతాది. కొందరు వేలితో నొక్కి చూస్తారు, కొందరు వాసన చూస్తారు. మా అక్కకు పంటి కింద తెలిసేది. కుప్ప పైన ఉండేదాన్ని ముట్టుకోదు. అడుగు నుంచి ఒకటి లాగి, తల వెనకాల మందంగా ఉండే కాడ ఎడమ దవడ పళ్ళతో కొరికి, రెండుసార్లు నమిలి ఊసేసేది. 'ఇంకో ఎండ కావాల' అనేది, లేకుంటే 'కట్టుకోండి' అనేది. ఇంకో మాట ఉండేది కాదు.

ఒకసారి మా కుప్పే. మూడు రోజులు మబ్బు పట్టి, ఎట్నో ఒకట్ల అయింది అనిపించి సొరచేపలు కుప్ప పోసినాను. కావలి నుంచి పెంచలకృష్ణ వచ్చి ఉండాడు, పదేళ్ళుగా మా కాడ కొనే మనిషి. వాన వచ్చేట్టుండాది, ఆయన ఎత్తుకపోతే చాలని నేను దేవుళ్ళకు మొక్కుకుంటా ఉంటే, అక్క వచ్చి కొరికి, ఊసి, "ఈ రోజు తీసుకోబాక అన్నా, లోపల పచ్చి ఉండాది" అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరోళ్ళ కుప్పకు చెప్పే నీతి మన కుప్పకు కూడానా అని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మూడో రోజు గమ్మున వచ్చి, ఆ సొరలన్నీ నాతో పాటు తిరగేసి మళ్ళీ ఎండబెట్టింది.

ఇట్టాంటి మనిషికి ఆరేళ్ళ కింద నడుం పడిపోయింది. తడి చేపల గంప ఎత్తుతా ఉంటే లోపల ఏదో కలుక్కుమనిందంట. కర్పూరం నూనె రాసుకొని వారం పడుకుంది, లేవలేకపోయింది. అప్పుడు ఆమెను ఆటోలో పడుకోబెట్టుకొని నెల్లూరు తీసకపోయింది మందులషాపు మధుబాబే. ఆ మాట లేదనను.

మధుబాబుకు తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. నాయన సముద్రం మీద వేటకు పోయిన రోజులన్నీ మా అక్క ఇంట్లోనే తిన్నాడు, ఆమె పెట్టిన ముద్దలే. పెద్దయి కావలిలో ఒక ఆసుపత్రిలో కొన్నేళ్ళు పని నేర్చుకోనొచ్చి, మా పాళెంలోనే మందులషాపు పెట్టినాడు. వెనక గదిలో మంచమేసి సెలైను కూడా ఎక్కిస్తాడు. జ్వరమొచ్చినా, కాలికి ముల్లు దిగినా అందరికీ ఆయనే డాక్టరు. మా అక్కకైతే చెప్పబన్లేదు, మధు అంటే కడుపున పుట్టినోడి కంటే ఎక్కువ.

నెల్లూరు ఎముకల డాక్టరు ఎక్స్‌రే బొమ్మ తీసి చూసి, ఎముకలు గుల్లబారినాయి, వెన్నులో ఒక పూస నొక్కుకపోయింది అని చెప్పినాడు. ఏడాదికొక సూది, సెలైనులో కలిపి ఎక్కించాల, మూడేళ్ళు. ఒక పసుప్పచ్చ కార్డు రాసిచ్చినాడు. అక్కకు చదువు రాదు. నాకు ఐదో తరగతి దాకా వచ్చు, ఆ కార్డు ఇంట్లో ఉండుంటే నేనైనా చదివేదాన్ని. ఇంట్లో ఉంటే ఉప్పుచెమ్మకు పాడైపోతాది, నా కాడుంటే తేదీ నేనే చూసుకుంటా కదక్కా అని మధుబాబు షాపులో పెట్టుకున్నాడు. ఎంత అక్కర అని మేమంతా మురిసిపోయినాం.

ప్రతి ఏడూ సర్కారు వేట నిలిపేసే రెండు నెలల్లో, పనుండదు కాబట్టి, అక్క ఆ వెనక గదిలో పడుకొని సూది ఎక్కించుకునేది. ఒక రోజు జ్వరం వచ్చి పోయేది. ఆ సూది మంచిదే, నాకెంత కడుపు మండినా ఈ ముక్క చెప్పాల. రెండో ఏటికి అక్క నిటారుగా నడిచింది, గంపలు మోయకున్నా చేపలెండేసే దిబ్బ మీదకొచ్చి కొరికి చెప్పేది. మూడేళ్ళయింది, నాలుగో సూది వేసినాడు. ఐదోది కూడా వేసినాడు. ఎన్ని వెయ్యాల్నో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. బలం సూది, ఎన్నయితే అంత మంచిదనుకున్నాం.

ఐదో సూది వేసిన మూడో నెల్లో ఎడమ దవడ పన్ను పోటు పెట్టింది. ఏ పంటితో ఊరికంతా చెప్పేదో ఆ పన్నే. ఆ ఆదివారం మధుబాబు కావలి నుంచి ఒక పళ్ళ డాక్టరును పిలిపించి షాపు ముందర పళ్ళు చూపిస్తా ఉండాడు, పాళెమంతా వరసలో నిలబడింది. నేను కూడా అక్క పక్కనే ఉండాను. ఆ డాక్టరు పాపం అడిగినాడు. ఏమన్నా మందులు వాడతా ఉండావామ్మా, సూదులేమన్నా వేయించుకుంటా ఉండావా అని. నోట్లో దూది పెట్టుకోనుండిన అక్క మధుబాబు పక్క చూసింది. ఆయనే చెప్పినాడు. "ఏం లేవు సార్. షుగర్ లేదు, బీపీ లేదు. నా చేతిలో మనిషే."

పన్ను పీకేసినారు. నేను కూడా నోరు మెదపలేదు. నడుముకు వేసే సూదికీ పంటికీ సంబంధం ఉంటాదని నాకెట్ట తోస్తాది.

ఎవరికైనా పన్ను పీకిన గుంత పది పదైదు రోజుల్లో పూడుతాది. అక్కకు నెలైనా పూడలేదు. చీము పట్టింది, చెంప వాచింది, నోరు తెరిస్తే వాసన. మధుబాబు బిళ్ళలిచ్చినాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. రెండో నెల్లో ఆయన నోరు తెరిచి చూసి, తల ఊపి, "పథ్యం తప్పుండావక్కా నువ్వు" అనినాడు.

పుండుండేవాళ్ళు కరవాడు తింటే చీము పడతాదని మా కాడ చిన్నపిలకాయను అడిగినా చెప్తాడు. బాలింతకు సొరచేపతో చేసే సొరపుట్టు పెడతాం, పాలు పడతాయని, అది వేరే సంగతి. పుండుకు మాత్రం కరవాడు కూడదు, వంకాయ కూడదు, గోంగూర కూడదు. అక్క పనేమో కరవాడు కొరకడం. ఇంక చెప్పాల్నా. ఆ ఒక్క మాటతో పాళెమంతా నమ్మేసింది. నేను తినలేదు మధూ, పీకినప్పటి నుంచి నోట్లో పెట్టలేదు అని ఆమె మొత్తుకుంటే, తినకుండానే చీమెట్ట పడతాదక్కా అని ఆయన నవ్వి ఇంకో చీటీ బిళ్ళలిచ్చినాడు.

నేను నమ్మలేదా అంటే, అందరికంటే ముందు నమ్మింది నేనే. వంట నా చేతిలోకి తీసుకున్నాను. ఆమె చట్టి నేనే కడిగేదాన్ని, దాంట్లో ముల్లేమన్నా మిగిలిందా అని వెతికేదాన్ని. గంజి, పాలు, మెత్తని అన్నం, అంతే. నెలలు పోతా ఉండాయి, పుండు మానలేదు. కింద పెదివి ఎడమ పక్క తిమ్మిరెక్కింది, తాగిన గంజి కారతా ఉన్నా ఆమెకు తెలిసేది కాదు. నాకు జాలి పోయి కోపం వచ్చింది. దొంగతనంగా ఎక్కడో తింటా ఉండాదని గట్టిగా అనిపించింది.

ఒక పొద్దున దిబ్బ మీదకొచ్చి చూస్తే, అక్క నెత్తళ్ళ కుప్ప కాడ గొంతుక్కూర్చోనుంది. చేతిలో వేలెడంత నెత్తల్లి చేప ఒకటి, మూతి కాడ. నాకు పూనకం వచ్చినట్టయింది. పదిమంది ఆడోళ్ళు చేపలు తిరగేస్తా ఉండారు, పెంచలకృష్ణ కూడా ఉండాడు. అందరి ముందరా అరిచినాను.

"నోట్లో చీము పెట్టుకొని ఇంకా నాలిక చంపుకోలేవా అక్కా? నువ్వు దొంగతిండి తినాల, నేను నీకు చేసి చావాల."

"వాసన చూస్తా ఉండానే," అనింది అక్క. "గంగమ్మ తల్లి తోడు, తినలేదు."

ఒకామె ముసిముసిగా నవ్వింది. అక్క ఆ నెత్తల్లిని కుప్పలోనే పెట్టి, పైట సర్దుకొని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి దిబ్బ మీదకు రాలేదు. నాలుగు రోజులకే ఇంకో మాట పుట్టింది. సొంత నోటికి పథ్యం నిలుపుకోలేనామె ఊళ్ళోవాళ్ళ చేపలకేం నిజం చెప్పుంటాది అని. ఇన్నేళ్ళు ఆమె పన్ను మీద బతికిన నోళ్ళే ఆ మాటన్నాయి. దానికి నిప్పు పెట్టింది నేనే. పెంచలకృష్ణ వచ్చినప్పుడల్లా అక్క ఎట్టుండాదని అడిగేవాడు, నేను తల దించుకొని తూకం చూసుకునేదాన్ని.

ఏడో నెల. మధ్యాన్నం ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తా ఉంటే ఏదో గుచ్చుకునిందని అక్క చెయ్యి పెట్టి లాగింది. తెచ్చి నా అరచేతిలో పెట్టింది. చింతగింజలో సగముంటాది, పసుపు తిరిగి, ఒక పక్క గరుగ్గా. "చేపముల్లేమో చూసి చెప్పు గంగా," అనింది. ఎగతాళికి కాదు, నిజంగానే నన్ను తీర్పు చెప్పమంటా ఉండాది. పుట్టినప్పటి నుంచి ముళ్ళ మధ్య బతికినదాన్ని, కళ్ళు మూసుకొని తడిమినా ఏ చేపదో చెప్తాను. అది ఏ చేపదీ కాదు. మనిషి ఎముక.

మధుబాబుకు చెప్పకుండా మర్నాడు పొద్దున్నే కావలిలో రైలెక్కి నెల్లూరు పోయినాం. పళ్ళ ఆసుపత్రిలో ఫేబీ అని చిన్న వయసు డాక్టరమ్మ. నోరు చూసింది, ఆ ఎముక ముక్క చూసింది, బొమ్మ తీయించింది. కుర్చీ దగ్గరికి లాక్కొని, ఎముకల బలానికి సూది ఏమన్నా వేయించుకున్నావామ్మా అని అడిగింది. వేసుకున్నానమ్మా, ఏడాదికొకటి, ఐదు అని అక్క చెప్పింది. పన్ను పీకేటప్పుడు ఈ సంగతి ఎవురూ చెప్పలేదా అని అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది.

ఆ డాక్టరమ్మ నిదానంగా విడమరిచి చెప్పింది. సూది తప్పు కాదంట, నడుమును నిలబెట్టింది అదే. కానీ ఆ మందు ఎముకలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతాది, ఎవురో ఒకరికి, చానా తక్కువ మందికి, పన్ను పీకిన కాడ దవడ ఎముక మానకుండా చచ్చిపోతాది. అందుకే సూది మొదలుపెట్టక ముందే పళ్ళు చూపించుకోవాల, తర్వాత పన్ను జోలికి పోయేటప్పుడు ముందే చెప్పాల. తెలిసుంటే పీకకుండా పన్నును నిలుపుకునే దారి చూసుండేవాళ్ళు, పీకక తప్పకపోయినా జాగ్రత్తలుంటాయి అనింది. అంతా విని అక్క అడిగింది ఒకటే.

"అయితే ఇది నేను కరవాడు తిన్నందుకు కాదు గదమ్మా?"

"కాదమ్మా. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు."

అక్క నా పక్క తిరిగి చూసింది. లాగి చెంప మీద కొట్టినా నాకు అంత నొప్పి ఉండేది కాదు.

రైలు దిగి నేరుగా షాపుకు పోయినాం. కార్డు ఇయ్యి మధూ అనింది అక్క. ఆయన వెతికినట్టు చేసి చేసి, ఒక ఫైలులో నుంచి తీసిచ్చినాడు. పసుప్పచ్చ రంగు కూడా మాయలేదు. వెనకాల తెలుగులోనే రాసుండాది, నేను కూడబలుక్కొని గట్టిగా చదివినాను. మూడు సూదుల తర్వాత మళ్ళీ చూపించవలెను. పన్ను తీయించుకునే ముందు ఈ కార్డు తప్పక చూపవలెను. అయ్యో అప్పుడు గుర్తు రాలేదక్కా అంటాడేమో, మనిషి కదా, మరిచిపోయుంటాడు అని నాకే లోపల్లోపల ఆశ. అక్కకు కూడా అదే ఆశేమో, ఆమె గొంతు మెత్తగానే ఉండాది.

"ఆ రోజు పళ్ళ డాక్టరు అడిగినప్పుడు నీకిది గుర్తుండిందా అబ్బయ్యా?"

ఆయన బల్ల మీద ఉండే కత్తెరను అటూ ఇటూ జరిపినాడు. "ఉండిందక్కా," అనినాడు. "మూడే వెయ్యమన్నారు, నేను ఐదు వేసుండాను. చెప్తే అదంతా అడుగుతాడని... ఇట్టవుతాదని అనుకోలేదు."

"మరి పథ్యం తప్పినానని ఎందుకన్నావు?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడినాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటారే, అదే. తిన్న ముద్దలు కూడా గుర్తు రాలేదా నీకు అని నేను ఎగబడతా ఉంటే అక్క నా చెయ్యి పట్టుకునింది. ఆమె తిట్టలేదు, కేసు పెడతాననలేదు. ఒకటే అడిగింది. రేపు పొద్దున దిబ్బ మీదకొచ్చి, అందరూ ఉండేటప్పుడు, గురవక్క పథ్యం తప్పలేదు అని ఆ ఒక్క మాట చెప్పు, మిగిలింది నీకూ నాకూ మధ్యనే ఉండనీ. వస్తానక్కా, తప్పకుండా వస్తాను అని చేతులు పట్టుకున్నాడు.

మర్నాడు అక్క ఉతికిన కోక కట్టుకొని, వాచిన చెంప కనపడకుండా పైట కప్పుకొని, ఏడు గంటలకల్లా దిబ్బ మీద కూర్చుంది. ఎండెక్కింది. చేపలు ఒకసారి తిరగేసినాం, రెండోసారి తిరగేసినాం. ఆయన రాలేదు. షాపు మూసి కావలి పోయినాడని ఎవురో చెప్పినారు. ఇంక పోదాం పా అక్కా అంటే, ఇంకాసేపుండి చూద్దాం అనింది. పొద్దు నడినెత్తికొచ్చినాక తనే లేచింది.

నెల తిరక్కముందే నెల్లూరులో ఆపరేషను చేసినారు. చచ్చిన ఎముకంతా గీకి తీసేసినారు, దాంతో పాటు ఎడమ పక్క ఇంకో మూడు పళ్ళు పోయినాయి. దవడ నిలిచింది, అదే మా అదృష్టమన్నారు. ముఖం కొంచెం లోపలికి పోయింది. పెదివి తిమ్మిరి మాత్రం అట్నే ఉండిపోయింది. ఈ నాలుగు నెలలూ మధుబాబు గడప తొక్కలేదు, మేం ఆ షాపు పక్క పోలేదు. మిగతా పాళెం మాత్రం ఎప్పటి మాదిరే ఆయన కాడికే పోతా ఉండాది. పథ్యం తప్పింది, పళ్ళు పోయినాయి అనే మాట అట్నే నడస్తా ఉండాది. అందరి ముందర అరిచిన నేను అందరి ముందర చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు. తప్పు ఆయన చెప్పాల, నేనెందుకు చెప్పాలని ఆయన మీద కోపంతో నా సిగ్గును కప్పి పెట్టుకున్నాను.

పోయిన వారం అక్క మళ్ళీ దిబ్బ మీదకు రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు కొరకలేదు. నెత్తల్లిని చెవి కాడ పెట్టి విరుస్తాది, ఆ చప్పుడును బట్టి చూస్తాది. పెద్ద చేపకు వెన్ను కాడ బొటనవేలు దించి నొక్కుతాది. ఆమెనెవురూ అడగరు, ఆమె ఎవురికీ చెప్పదు. మా కుప్ప వరకు చూసుకుంటాది.

నిన్న మధుబాబు బండేసుకొని వచ్చినాడు. ఇంటికి చుట్టాలొస్తా ఉండారంట, వంజరం కరవాడు కావాలంట. పాళెంలో ఆ రోజుకు వంజరం ఉండేది మా కాడే. నన్ను చూసి ఏమక్కా బాగుండారా అని పలకరించినాడు చూడండి, నాకు లోపల భగ్గుమనింది. ముందురోజే కోసి ఎండేసినవి, ఇంకా రెండెండలు పట్టేవి, ఒక పక్క వేరేగా పెట్టుండాను. పైకి గట్టిగానే ఉంటాయి. వాటిలో నుంచే నాలుగు పెద్దవి ఏరి, ఎండినవాటిని పైన పేర్చి, కాటాలో వేసినాను. పోయి చుట్టాలకు పెట్టుకోనీ, పురుగుల పులుసు తాగనీ అని. తప్పని నాకు తెలుసు. అప్పుడు ఎంత తియ్యగా ఉండిందో కూడా చెప్పాల.

అక్క లేచి వచ్చింది. కాటాలో చెయ్యి పెట్టి, పైనవి పక్కకు తోసి, అడుగున ఉండేదాన్ని తీసి బొటనవేలితో నొక్కింది.

"ఇవి తీసుకోబాక మధూ. లోపల పచ్చి ఉండాది."

తనే కుప్పలో కూర్చోని, ఒక్కోటి నొక్కి చూసి, బాగా ఎండిన నాలుగు ఏరి ఆయన సంచిలో వేసింది. అక్కా నీకు బుద్ధుందా, ఈయనకా నువ్వు చెప్పేది అని నేను పళ్ళు నూరినాను. ఆమె నన్ను చూడలేదు, ఆయన్నే చూస్తా, వంకర పోయిన మూతితో నిదానంగా చెప్పింది. "తెలిసి చెప్పకుండా ఉండేది నాకు చేతకాదు."

దిబ్బ మీద అందరి చేతులూ ఆగినాయి. ఇప్పుడైనా చెప్తాడేమోనని నేను ఆయన నోటి పక్కే చూస్తా ఉండాను. సంచి మూతి ముడేసుకున్నాడు, బండెక్కినాడు, పోయినాడు.

అప్పుడు నేను లేచి నిలబడినాను. ఆరోజు ఎక్కడ నిలబడి అరిచినానో నెత్తళ్ళు ఆరేసే ఆ పట్ట కాడికే పోయి చెప్పినాను. గురవక్క పథ్యం తప్పలేదు, ఒక్క ముక్క తినలేదు, అది సూది వల్ల వచ్చిందని నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది, మధుబాబుకు ముందే తెలుసు, నేను అన్నది అబద్ధం అని. ముసిముసిగా నవ్వినామె తల దించుకునింది. కొందరు నమ్మినారో లేదో నాకు తెలవదు.

అక్క పైటకొంగుతో పెదివి తుడుచుకునింది. అక్కడ తడి ఉండాదో లేదో ఆమెకు తెలవదు కాబట్టి ఎప్పుడూ తుడుచుకుంటానే ఉంటాది. ఈసారి కళ్ళు కూడా తుడుచుకునింది. కాటాలో మిగిలిన వంజరాలు నా చేతిలో పెట్టి, "వీటికి ఇంకో రెండెండలు కావాల, పోయి ఆరెయ్యి," అనింది.